కలుపు మందు వాగులో కలవకుండా ఎలా చూసుకోవాలి

ఒక చుక్కతో లెక్క మొదలుపెడదాం. మందు డబ్బా మూత తీస్తుంటే ఒక చుక్క కింద పడింది. లీటరుకు 500 గ్రాముల అసలు మందు ఉన్న ద్రావణం అనుకుంటే, 0.05 మిల్లీలీటరు ఉండే ఆ చుక్కలో 25 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఐరోపా సమాఖ్య దేశాల్లో తాగునీటిలో ఏ ఒక్క సస్యరక్షణ మందైనా లీటరుకు 0.1 మైక్రోగ్రాముకు మించకూడదు. ఆ హద్దులోకి రావాలంటే ఆ ఒక్క చుక్కను రెండున్నర లక్షల లీటర్ల నీళ్లలో కలపాలి.

అందుకే పొలంలో కొట్టిన మందులో నూటికి ఒక వంతు బయటికి పోయినా వాగుకు అది చిన్న సంగతి కాదు. అయితే మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. వాగులోకి చేరే మందు ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా చేరదు. ఎక్కువ భాగం కొన్ని గంటల్లోనే చేరుతుంది. మందు కలిపేటప్పుడు, ట్యాంకు కడిగేటప్పుడు, మందు కొట్టాక పడే మొదటి గట్టి వానలో. ఆ గంటల్లో మీరు ఏం చేస్తారన్నదే వాగు పరిస్థితిని తేలుస్తుంది. ఇక్కడ చెప్పే పనులన్నీ ఆ గంటల కోసమే.

1. గట్టి వానలో ఒకసారి పొలం చుట్టూ తిరగండి

ఈ పని మందు కొనకముందే చేయాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు. నా దృష్టిలో మిగతా పనులన్నిటికీ ఇదే పునాది. వాన కురుస్తుండగానే వెళ్లండి. ఆగిపోయాక వెళ్తే తడి మాత్రమే కనిపిస్తుంది, నీళ్లు నడిచిన దారి కనిపించదు. పిడుగులు పడే వాన అయితే మాత్రం ఆగిపోయేదాకా ఇంట్లోనే ఉండండి.

మూడు విషయాలు చూడాలి. నీళ్లు ఏ మూల నుంచి, ఏ గండి నుంచి బయటికి పోతున్నాయి? అవి బురదగా ఉన్నాయా, తేటగా ఉన్నాయా? పారడం వాన మొదలైన వెంటనే మొదలైందా, నేల బాగా నానాక మొదలైందా?

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. నేల పైన పెచ్చు కట్టినా, ట్రాక్టరు చక్రాలకు గట్టిపడినా నీళ్లు లోపలికి దిగలేవు. లోపల మట్టి పొడిగా ఉన్నా సరే, పైనుంచి పారిపోతాయి. ఇలాంటి చోట పెచ్చు పగలగొట్టడం, నేల మీద చెత్త పరచడం, వాలుకు అడ్డంగా సాళ్లు తోలడం బాగా పనిచేస్తాయి. పల్లపు చోట్ల సంగతి వేరు. అక్కడ కింద నీటిమట్టం పైకొచ్చి, నేల ఇక పీల్చుకోలేక నీళ్లు పారతాయి. దున్ని గుల్లచేసినా ప్రయోజనం ఉండదు. తడి ఆరేదాకా అక్కడ మందు కొట్టకపోవడం ఒక్కటే మార్గం.

ఒక కాగితం మీద పొలం బొమ్మ గీసి ఇవన్నీ గుర్తుపెట్టండి. నీటి దారులు, పగుళ్లు పడే చోట్లు, మట్టి కింద వేసిన మురుగు గొట్టాలు, బావి, వాడకంలో లేని పాత బోరు, అన్నీ వేయండి. మూత లేని పాత బోరంటే పైనీళ్లు నేరుగా భూగర్భ జలంలోకి దిగే గొట్టమే. దాన్ని ముందు మూయించండి.

2. మందు గురించి మూడు అంకెలు తెలుసుకోండి

డబ్బా మీద రాసి ఉన్న మోతాదు అందరూ చూస్తారు. ఆ మందు నీళ్లలోకి పోతుందా లేదా అన్నది చెప్పే అంకెలు వేరే ఉన్నాయి. మందు సాంకేతిక పత్రాల్లో, వ్యవసాయ విశ్వవిద్యాలయాల పట్టికల్లో ఇవి దొరుకుతాయి.

మొదటిది అర్ధజీవితకాలం. మందులో సగం విరిగిపోవడానికి పట్టే రోజులు. అట్రజిన్‌కు నేలలో సుమారు 60 రోజులు అనుకుంటారు. అంటే 60 రోజులకు సగం, 120 రోజులకు పావు, 180 రోజులకు ఎనిమిదో వంతు మిగులుతుంది. ఆరు నెలలైనా పూర్తిగా పోదన్నమాట. 2,4-డి అలా కాదు, సుమారు 10 రోజుల్లోనే సగమవుతుంది. పట్టికలో ఉండేది సగటు మాత్రమే అని గుర్తుంచుకోండి. నేల, వేడి, తడి మారితే ఇదే అంకె కొన్ని రెట్లు మారుతుంది.

రెండోది మట్టికి అతుక్కునే గుణం. దీన్ని కేఓసీ అంటారు. అంకె ఎంత పెద్దదైతే మందు మట్టిలోని సేంద్రియ పదార్థాన్ని అంత గట్టిగా పట్టుకుంటుంది. అట్రజిన్‌కు ఇది సుమారు 100, పెండిమిథాలిన్‌కు 5,000 దాకా, గ్లైఫోసేట్‌కు 24,000 దాకా ఉంటుంది.

మూడోది నీళ్లలో కరిగే గుణం. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. బాగా కరిగేదే నీళ్లతో పోతుందని అనుకుంటారు. గ్లైఫోసేట్ లీటరు నీళ్లలో 12 గ్రాముల దాకా కరుగుతుంది. అట్రజిన్ 33 మిల్లీగ్రాములే కరుగుతుంది. అయినా భూగర్భ జలంలో ఎక్కువగా తేలేది అట్రజినే. గ్లైఫోసేట్ మట్టిలోని బంక రేణువులనూ, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లనూ గట్టిగా పట్టుకుని ఉండిపోతుంది. అట్రజిన్ తక్కువే కరిగినా దానికి మట్టిలో గట్టి పట్టు లేదు, పైగా చాలాకాలం నిలుస్తుంది. అందుకే ఏ వానకు ఆ వాన దాన్ని కొంచెం కిందికి దించుతూ పోతుంది.

మొదటి రెండు అంకెలతో ఒక చిన్న లెక్క వేయవచ్చు. 1989లో గుస్తాఫ్‌సన్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం ఇది, గస్ సూచిక అంటారు. ఫోన్ క్యాలిక్యులేటర్‌లో లాగ్ అనే మీట ఉంటుంది. అర్ధజీవితకాలానికి లాగ్ తీయండి. కేఓసీకి లాగ్ తీసి దాన్ని 4లోంచి తీసేయండి. వచ్చిన రెండు అంకెలనూ గుణించండి. ఫలితం 2.8 దాటితే ఆ మందు కిందికి ఇంకిపోయే రకం. 1.8 కంటే తక్కువైతే ఇంకని రకం. మధ్యలో ఉంటే నేలను బట్టి ఉంటుంది.

అట్రజిన్‌కు వేసి చూద్దాం. 60కి లాగ్ 1.78. 100కి లాగ్ 2, అది 4లోంచి పోతే 2. గుణిస్తే 3.56. ఇంకిపోయే రకం. పెండిమిథాలిన్‌కు అర్ధజీవితకాలం 90 రోజులుగా తీసుకుంటే సుమారు 0.6 వస్తుంది. ఇసుక నేల, పైనే నీళ్లు తగిలే బావి ఉన్న పొలంలో మొదటి రకం మందు వాడితే బావి నీళ్లకు ముప్పు. అక్కడ రెండో రకమే నయం.

ఇక్కడితో ఆగిపోతే పొరపాటు. గస్ సూచిక చెప్పేది నేల లోపలికి ఇంకడం గురించి మాత్రమే. మట్టికి అతుక్కునే మందు మట్టితోపాటే కొట్టుకుపోతుంది. కోత ఎక్కువగా ఉన్న వాలు పొలంలో, నీళ్లు ఎర్రగా బురదగా పారే చోట, పెండిమిథాలిన్ లాంటివి ఆ బురద మీద ఎక్కి వాగులోకి దిగుతాయి. మొదటి పనిలో నీళ్లు బురదగా ఉన్నాయా, తేటగా ఉన్నాయా అని చూడమన్నది ఇందుకే. బురద పోయే పొలంలో ముందు మట్టిని ఆపాలి. తేట నీళ్లు పోయే పొలంలో మందు ఎంపిక, మందు కొట్టే రోజు ముఖ్యం.

అతుక్కోవడం వేరు, విరిగిపోవడం వేరు. పారాక్వాట్ బంకమట్టి పొరల మధ్యకు వెళ్లి ఎంత గట్టిగా ఇరుక్కుంటుందంటే, సూక్ష్మజీవులకు కూడా అందదు. కదలదు నిజమే, కానీ ఏళ్ల తరబడి నేలలోనే ఉంటుంది.

3. మందును విరగ్గొట్టే నేలను బతికించుకోండి

మందును మూడు శక్తులు విరగ్గొడతాయి. నేల మీద పడ్డ మందును ఎండ కొంత విరగ్గొడుతుంది. నీటితో జరిగే రసాయన చర్య మరికొంత. అన్నిటికంటే ఎక్కువ పని చేసేది నేలలోని బాక్టీరియా, శిలీంధ్రాలు. చాలా మందులకు ఇవే ప్రధానం.

ఈ జీవులు ఎక్కువగా ఉండేది పైమట్టిలో. కిందికి పోయేకొద్దీ గాలి తగ్గుతుంది, ఆహారం తగ్గుతుంది, వాటి సంఖ్యా పడిపోతుంది. పైమట్టిలో రెండు నెలల్లో సగమయ్యే మందు, నాలుగైదు మీటర్ల లోతుకు జారితే ఏళ్లు గడిచినా అలాగే ఉండవచ్చు. జర్మనీ 1991లో అట్రజిన్‌ను నిషేధించింది. దశాబ్దాలు గడిచాక కూడా అక్కడి భూగర్భ జలంలో అట్రజిన్, దాని నుంచి పుట్టిన డీఇథైల్ అట్రజిన్ దొరుకుతూనే ఉన్నాయి. విరిగిన ముక్క కూడా నీళ్లతో నడిచేదే అయితే విరగడం వల్ల ఒరిగేది కొంతే. గ్లైఫోసేట్ విరిగితే వచ్చే ఆంపా కూడా తల్లి మందుకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

మీరు చేయాల్సింది మందును పైమట్టిలోనే, జీవులున్న చోటే, వీలైనంత కాలం ఆపడం. అందుకు మొదటి సాధనం సేంద్రియ పదార్థం. మందును పట్టుకునే శక్తి నేలలోని సేంద్రియ కర్బనంతో పాటే పెరుగుతుంది. కర్బనం 0.5 శాతం ఉన్న నేలకంటే 2 శాతం ఉన్న నేల అదే మందును సుమారు నాలుగు రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. పంట మోళ్లను తగలబెట్టకండి. పచ్చిరొట్ట వేసి కలియదున్నండి, పశువుల ఎరువు వేయండి.

ఎరువు విషయంలో ఒక జాగ్రత్త. క్లోపిరాలిడ్, అమినోపిరాలిడ్, పిక్లోరామ్ లాంటి మందులు కొట్టిన గడ్డిని పశువులు తింటే, ఆ మందు పేడలోకి వస్తుంది. కంపోస్టు చేసినా తొందరగా పోదు. ఆ ఎరువు వేస్తే టమాటా, చిక్కుడు జాతి మొక్కల ఆకులు ముడుచుకుపోతాయి. గడ్డి ఎక్కడిదో, దానికి ఏ మందు కొట్టారో అడిగి తెలుసుకోండి.

తడి, వేడి కూడా లెక్కలోకి వస్తాయి. వెచ్చగా, పదునుగా ఉన్న నేలలో పని వేగంగా సాగుతుంది. ఎండిపోయిన నేలలో దాదాపు ఆగిపోతుంది. అందుకే క్యాలెండర్ చూసి రోజులు లెక్కపెట్టడం మోసం చేస్తుంది. నేల ఎండిపోయి ఉన్న నెలను ఆ లెక్కలోంచి తీసేయండి. సల్ఫోనైల్ యూరియా జాతి మందులైతే నేల పీహెచ్ కూడా చూడాలి. ఆమ్ల నేలలో ఇవి త్వరగా విరుగుతాయి. చౌడు వైపు మొగ్గిన నేలలో చాలాకాలం నిలిచి తర్వాతి పంటను దెబ్బతీస్తాయి. ఇవి హెక్టారుకు కొన్ని గ్రాములే వాడే మందులు కదా అని తేలిగ్గా తీసుకోకండి. అన్ని గ్రాములతోనే కలుపును చంపగలిగితే, మిగిలిన దానితో లేత పంటనూ దెబ్బతీయగలవు.

4. రోజును ఎంచుకోండి

పారే నీళ్లు నేలను తాకేది పైన ఒక సెంటీమీటరు మేర మాత్రమే. మందు ఆ పలుచని పొరలో ఉన్నంతసేపే నీళ్లు దాన్ని పెద్దఎత్తున మోసుకుపోగలవు. కొట్టిన మర్నాడు మందంతా అక్కడే ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ కొంత విరుగుతుంది, కొంత మట్టికి గట్టిగా అతుక్కుంటుంది, కొంత కిందికి దిగుతుంది. అందుకే కొట్టాక పడే మొదటి పెద్ద వానతోనే అసలు ప్రమాదం. మామూలు ఏడాదిలో చాలా మందుల నష్టం నూటికి ఒక వంతు లోపే ఉంటుంది. కొట్టిన రెండు వారాల్లోపు గట్టి వాన పడితే అది రెండు వంతులు దాటి పోవచ్చు. అమెరికా మధ్యపశ్చిమంలో మొక్కజొన్న పండే ప్రాంతాల వాగుల్లో ఏటా ఇదే కనిపిస్తుంది. మందు కొట్టే కాలం తర్వాత పడే తొలి వానలకు అట్రజిన్ ఒక్కసారిగా పెరుగుతుంది, వేసవి గడిచేసరికి పడిపోతుంది. అక్కడి భూగర్భ సర్వే సంస్థ దశాబ్దాలుగా దీన్ని నమోదు చేస్తోంది.

కాబట్టి రెండు రోజుల్లో గట్టి వాన ఉందని వాతావరణ సూచన చెబితే ఆగండి. నేల ఇప్పటికే నానిపోయి, అడుగు వేస్తే నీరు ఊరుతుంటే సూచనతో పనిలేదు, ఆగాల్సిందే. పనివాళ్లు వచ్చారు, స్ప్రేయర్ అద్దెకు తెచ్చాం అనే టెన్షన్ ఉంటుందని తెలుసు. కానీ మందు కొట్టుకుపోతే కలుపూ చావదు, మళ్లీ కొట్టాల్సి వస్తుంది.

చిన్న వాన సంగతి వేరు. కలుపు మొలవకముందు నేల మీద కొట్టే మందులకు సన్నని వాన లేదా పలుచని తడి మేలే చేస్తుంది. మందును ఆ పై సెంటీమీటరు నుంచి కొంచెం కిందికి, కలుపు గింజలు మొలిచే చోటికి దించుతుంది. అక్కడికి చేరిన మందు పారే నీళ్లకు సులువుగా దొరకదు. పారకుండా ఇంకేటంత తడి ఇవ్వడం మీ చేతిలో ఉంటే, అలా ఇవ్వండి.

పగుళ్లు పడ్డ నల్లనేలల్లో మాత్రం ఇది తిరగబడుతుంది. పగుళ్లూ వానపాముల బొరియలూ మట్టిని దాటవేసే అడ్డదారులు. మట్టికి బాగా అతుక్కునే మందు కూడా సన్నని మట్టి రేణువుల మీద ఎక్కి వీటిలోంచి మురుగు గొట్టాల దాకా దిగిపోతుంది. ఇలాంటి చోట్ల పైపైన దున్ని పగుళ్లు మూసి, ఆ తర్వాతే మందు కొట్టండి.

ఇంకో మాట. పోయే మందు కొట్టిన మందును బట్టే ఉంటుంది. పొలమంతా కాకుండా మొక్కల వరుస మీద మూడో వంతు వెడల్పులో మాత్రమే కొట్టి, సాళ్ల మధ్య గుంటక తోలితే మందు మూడింట రెండు వంతులు మిగులుతుంది. బయటికి పోయేదీ దాదాపు అంతే తగ్గుతుంది. నేను చూసినంతలో ఇంత సులువుగా ఇంత మేలు చేసే పని మరొకటి లేదు.

5. మందు కలిపే చోటు, కడిగే చోటు

మొదట్లో చెప్పిన చుక్క గుర్తుందా? పొలంలో పడిన మందును వడపోయడానికి మట్టి ఉంది, జీవులున్నాయి, దూరం ఉంది. సిమెంటు గచ్చు మీదో, బావి గట్టు మీదో పడిన మందుకు ఇవేవీ అడ్డురావు. ఐరోపాలో చిన్న నదుల మీద చేసిన పరిశీలనల్లో, నీళ్లలో తేలిన మందులో పెద్ద వాటా పొలాల నుంచి కాకుండా స్ప్రేయర్లు నింపే, కడిగే చోట్ల నుంచే వచ్చిందని చాలాచోట్ల తేలింది. ఇది పూర్తిగా మన చేతిలో ఉన్న తప్పు. ఇది ఆపడానికి వానతోనూ నేలతోనూ సంబంధం లేదు.

ముందు, ఎంత మందు కలపాలో సరిగ్గా తేల్చుకోండి. మిగలకపోతే పారబోయాల్సిన పనే ఉండదు. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు చోటు కొలవండి. ట్యాంకులో మంచినీళ్లు గుర్తు దాకా పోసి, మీరు మామూలుగా నడిచే నడకతో ఆ చోటంతా కొట్టండి. మళ్లీ గుర్తు దాకా నింపడానికి ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. 3 లీటర్లు పడితే హెక్టారుకు 300 లీటర్లు. నాజిల్ అరిగితే ఈ అంకె పెరుగుతుంది కాబట్టి సీజనుకు ఒకసారైనా చూసుకోండి.

కలిపే చోటు బావికీ కాలువకూ కనీసం 30 మీటర్ల దూరంలో, గడ్డి ఉన్న నేల మీద ఉండాలి. లేబుల్ మీద అంతకంటే ఎక్కువ దూరం రాసి ఉంటే అదే పాటించండి. నీటి గొట్టం చివర ట్యాంకులోని నీళ్లలో మునగకూడదు. మోటారు ఆగిపోతే మందు నీళ్లు గొట్టంలోకి వెనక్కి లాగబడి బావిలోకే పోతాయి. గొట్టానికీ నీటి మట్టానికీ మధ్య జానెడు ఖాళీ ఉంచండి. ట్యాంకు నిండేదాకా పక్కనే నిలబడండి. ఫోన్ మోగినా కదలకండి.

డబ్బా ఖాళీ అయ్యాక నాలుగో వంతు నీళ్లు పోసి, మూత బిగించి అర నిమిషం ఊపండి. ఆ నీళ్లను ట్యాంకులోనే వంచి, చుక్కలు ఆగేదాకా పట్టుకోండి. ఇలా మూడుసార్లు చేసి డబ్బాకు చిల్లు పెట్టండి. ఆ డబ్బాను నీళ్లకు, నూనెకు, గింజలకు వాడటం ప్రాణాంతకం. చిల్లు పెట్టేది అందుకే.

ట్యాంకు కడగడంలో ఒక లెక్క ఉంది. అడుగున 1 లీటరు మందు నీళ్లు మిగిలాయనుకోండి. 9 లీటర్ల మంచినీళ్లు ఒకేసారి పోసి కడిగితే లోపలి మందు గాఢత పదో వంతుకు తగ్గుతుంది. అవే 9 లీటర్లను 3 లీటర్ల చొప్పున మూడుసార్లు పోస్తూ, ప్రతిసారీ పంట మీద కొట్టేసి ఖాళీ చేస్తే 64వ వంతుకు తగ్గుతుంది. నీళ్లు అవే, ఫలితం ఆరు రెట్లు మెరుగు. కడిగిన నీళ్లు కొట్టాల్సింది ఆ పొలంలోనే. కడిగిన నీళ్ల కోసం అంచున ఒక సాలు ముందే మందు కొట్టకుండా వదిలిపెట్టుకుంటే, లేబుల్ మోతాదు దాటకుండానే అక్కడ అయిపోతాయి.

స్ప్రేయర్ నింపే చోటు ఎప్పుడూ ఒకటే అయితే జీవపడక కట్టుకోవచ్చు. 1993లో స్వీడన్‌లో మొదలైన పద్ధతి ఇది. సుమారు 60 సెంటీమీటర్ల లోతు గొయ్యి తీస్తారు. అడుగున 10 సెంటీమీటర్ల బంకమట్టి పరుస్తారు. దాని మీద అరమీటరు మందాన తరిగిన గడ్డి రెండు పాళ్లు, పొలం మట్టి ఒక పాలు, పీట్ (చిత్తడి నేలల్లో పోగుపడే సగం కుళ్లిన మొక్కల పదార్థం) ఒక పాలు కలిపి నింపుతారు. పీట్ బదులు మాగిన కంపోస్టు వాడే దేశాలూ ఉన్నాయి. పైన గడ్డి పెంచుతారు. కారిన మందును ఈ మిశ్రమం పట్టుకుంటుంది, ఎండుగడ్డి మీద పెరిగే తెల్ల శిలీంధ్రాలు దాన్ని విరగ్గొడతాయి. కట్టెలోని లిగ్నిన్‌ను కరిగించే ఎంజైములే ఈ మందులనూ విరగ్గొడతాయన్నది నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. గడ్డి కుళ్లి మట్టం తగ్గుతుంటుంది కాబట్టి ఏటా పైన కొత్త మిశ్రమం వేయాలి. వాననీళ్లు వరదగా వచ్చి చేరకుండా చూసుకోవాలి. నీళ్లు నిలిస్తే లోపలి జీవులకు గాలి అందదు.

6. గాలిలో పోయేది

దీని గురించి క్లుప్తంగా చెబుతాను. చుక్క వ్యాసం సగానికి తగ్గితే ఒక చుక్క ఎనిమిది చుక్కలవుతుంది. 150 మైక్రాన్ల (0.15 మిల్లీమీటరు) కంటే సన్నని చుక్కలను గాలి ఎత్తుకుపోతుంది. పెద్ద చుక్కలిచ్చే నాజిల్ వాడి, పీడనం తగ్గించి, నాజిల్‌ను పంటకు దగ్గరగా ఉంచండి. గాలి గంటకు 15 కిలోమీటర్లు దాటితే ఆపేయండి. గాలి బొత్తిగా లేని తెల్లవారుజామున, సూర్యాస్తమయం వేళ కూడా వద్దు. పొగ పైకి లేవకుండా నేలబారుగా పరుచుకుంటోందంటే, సన్నని చుక్కలూ అలాగే వాగు దాకా తేలిపోతాయి. గాలి వాగు వైపు నుంచి మీ వైపు వీచేటప్పుడు వాగు పక్కనున్న చెక్కలో (పొలం ముక్కలో) మందు కొట్టండి. 2,4-డిలో ఎస్టర్ రకాలు కొట్టాక కూడా వేడికి ఆవిరై పోతాయి. అమైన్ లవణాలతో ఆ బెడద తక్కువ.

7. గడ్డి పట్టీ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు

పొలానికీ వాగుకూ మధ్య దట్టమైన గడ్డి పట్టీ పెంచమని అందరూ చెబుతారు. మంచి సలహానే. పారే నీళ్ల వేగాన్ని గడ్డి తగ్గిస్తుంది, మట్టి అక్కడే దిగబడుతుంది, మట్టికి అతుక్కున్న మందు కూడా ఆగుతుంది. కరిగిన మందు ఆగాలంటే మాత్రం నీళ్లే ఆ పట్టీలో ఇంకాలి. నేల నాని ఉన్నప్పుడు అది జరగదు. అందుకే పట్టీ ఉంది కదా అని నాలుగో పనిలో చెప్పిన జాగ్రత్త వదలకండి.

పట్టీ కనీసం 5 మీటర్లు, వాలు ఎక్కువైతే 10 మీటర్లు లేదా ఇంకా ఎక్కువ ఉండాలి. వెడల్పు కంటే ముఖ్యమైనది నీళ్లు దాని మీదుగా పలుచగా పరుచుకుని పారడం. మొదటి రోజు గీసిన బొమ్మ తీయండి. నీళ్లన్నీ ఒక గండి దగ్గర చేరి పాయగా పోతుంటే, అవి పట్టీని ఒక్కచోట చీల్చుకుని వెళ్తాయి, మిగతా పట్టీ అంతా అలంకారమే. పాయ మొదలయ్యే చోటే, పొలం లోపలే, గడ్డి వేయండి. లేదా చిన్న అడ్డుకట్టతో నీళ్లను పక్కలకు పరచండి. పట్టీ మీద ట్రాక్టరు తిప్పకండి.

8. వరి మడిలో అయితే నీళ్లు నిలిపి ఉంచండి

వరిలో మందు పడేది నీళ్లలోనే, లేదా ఆ తర్వాత నీళ్లు పెట్టే మడిలో. మడవ తెరిస్తే మందు నేరుగా కాలువలోకి పోతుంది. 1980ల మొదట్లో కాలిఫోర్నియాలో ఇదే జరిగింది. మోలినేట్ అనే వరి కలుపు మందు కలిసిన మురుగు కాలువల్లో కార్ప్ చేపలు చచ్చిపోయాయి. థయోబెన్‌కార్బ్ అనే మరో మందు వల్ల శాక్రమెంటో నగరంలో తాగునీళ్లు చేదెక్కాయి. మందు వేశాక మడి నీళ్లు కొన్ని రోజులు బయటికి వదలకూడదని అక్కడ నియమం పెట్టారు. ఆ గడువును తర్వాత దాదాపు నాలుగు వారాల దాకా పెంచారు. ఆ నిల్వ కాలంలో మందు మడిలోనే ఆవిరై, విరిగి, మట్టికి పట్టి తగ్గింది. నదిలో కూడా మందు బాగా తగ్గిపోయింది.

మీ మందు లేబుల్ మీద నీళ్లు నిలపాల్సిన రోజులు చూడండి. మందు వేసే ముందు గట్లన్నీ తిరిగి ఎండ్రకాయ బొక్కలు, ఎలుక బొరియలు మూయండి. మడి నిండా నీళ్లు పెట్టకుండా, వాన పడితే పట్టేటంత ఖాళీ గట్టు అంచుకు కింద ఉంచండి.

9. నీళ్లు పరీక్ష చేయించండి

ప్రతి సారీ ఏ మందు, ఎంత, ఏ చెక్కలో, ఏ రోజు కొట్టారో, తర్వాత మొదటి వాన ఎప్పుడు పడిందో ఒక పుస్తకంలో రాయండి. ఇది లేకుండా ప్రయోగశాల రిపోర్టు చదవలేరు.

నమూనా ఎప్పుడు తీశారన్నదే ఫలితాన్ని మారుస్తుంది. వాన లేని రోజుల్లో వాగు నీళ్లు తీసి పంపితే ఏమీ లేదనే వస్తుంది. కొట్టిన తర్వాత పడే మొదటి గట్టి వానకు, నీళ్లు పారుతుండగానే తీయాలి. సీసా ఎలాంటిది ఉండాలో, ఎంత చల్లగా పంపాలో ప్రయోగశాలను ముందే అడగండి. ఏ మందు కోసం చూడాలో పేరు పెట్టి చెప్పండి. మామూలుగా చేసే బహుళ మందుల పరీక్షలో గ్లైఫోసేట్, ఆంపా దొరకవు, వాటికి విడిగా పరీక్ష ఉంటుంది.

రిపోర్టులో అంకె వచ్చాక ఏ హద్దుతో పోల్చాలన్న ప్రశ్న వస్తుంది. అమెరికాలో తాగునీటికి అట్రజిన్ హద్దు లీటరుకు 3 మైక్రోగ్రాములు, 2,4-డికి 70, గ్లైఫోసేట్‌కు 700. ఐరోపా సమాఖ్య ఒక్కో కలుపు మందుకు 0.1, సస్యరక్షణ మందులన్నీ కలిపి 0.5 అని పెట్టింది. మొదటిది ఒక్కో మందు మనిషికి చేసే హానిని అంచనా వేసి పెట్టిన హద్దు. రెండోది తాగునీళ్లలో అసలు మందే ఉండకూడదన్న ఆలోచనతో పెట్టింది. రెండూ మనుషుల కోసమే. వాగులోని నాచుకూ నీటి మొక్కలకూ వేరే లెక్క. అట్రజిన్ కలుపు మొక్కలో ఆపేది కిరణజన్య సంయోగక్రియను. నాచులోనూ అదే ఆపుతుంది, ఆ నాచు మీదే చేపపిల్లల తిండి ఆధారపడి ఉంది.

సీసాలు రెండు తీసుకెళ్లండి. ఒకటి మీ పొలం నీళ్లు వాగులో కలిసే చోటుకు పైన నింపండి, ఇంకొకటి కింద. పైసీసాలోనూ అంతే మందు ఉంటే అది పైనుంచి వస్తోంది. రిపోర్టు తీసుకుని ఆ పొలాల రైతులతో కూర్చుని మాట్లాడండి. కింది సీసాలోనే ఎక్కువగా ఉంటే, వానలో తిరిగినప్పుడు గీసిన బొమ్మ మళ్లీ తీసి, ఆ రోజు పుస్తకంలో రాసిన చెక్క నుంచి నీళ్లు ఏ దారిన పోయాయో వేలితో వెతకండి.